విపెహోల్మ్ టాఫీలు - మన దంతపాఠము

పిల్లల పళ్లు పుచ్చుటకు తీపి కారణమని వినని విద్యార్థి మన పాఠశాలలలో లేడు. ఆరోగ్యమును గురించిన పాఠములలో ఈ మాట తప్పక ఉండును. విజ్ఞాన ప్రదర్శనలలో దీనికొక బల్ల ఉండనే ఉండును. ఇంత ప్రసిద్ధమైన విషయమును విమర్శించుటకు ఏమున్నదని పాఠకులు అడుగవచ్చును. నిజమైన మాట కూడ సగము చెప్పినచో దారి తప్పించును. మన దంతపాఠములో జరుగుచున్నది అదియే. ఆ విడిచిన సగమును ఇక్కడ పరిశీలింతము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచిరి. తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె గాజుగ్లాసులో వెనిగరు పోసి, అందులో కోడిగ్రుడ్డు నుంచినది. గ్రుడ్డు పెంకు మెత్తబడి కరగుచున్నది. ప్రక్కన ఒక అట్టమీద ఇట్లు వ్రాసియున్నది: "విపెహోల్మ్ పరీక్ష - రోజునకు 24 టాఫీలు - పళ్లు పుచ్చినవి." ఆ బాలిక తడబడకుండ అంతయు వివరించినది.

"ఈ టాఫీలు తిన్నది ఎవరమ్మా?" అని అడిగితిని.

"స్వీడన్ దేశపు బడిపిల్లలండీ" అన్నది.

"అన్ని టాఫీలు ఎందుకు తిన్నారు?"

"తీపి ఎవరికి ఇష్టముండదండీ!"

చుట్టునున్న పిల్లలు నవ్విరి. నేనును నవ్వి, మార్కులు వేసి, తరువాతి బల్లకు పోయితిని. కాని ఆ రెండు జవాబులును తప్పు. అప్పుడే ఆ మాట చెప్పకపోవుట నా లోపము. ఆమెకు ఆ విషయమును సగము చెప్పి ఊరకుండుట ఉపాధ్యాయులమైన మనందరి లోపము.

ఎవరు తినిరి? ఎందుకు తినిరి?

1930 దశాబ్దములో స్వీడన్ దేశమున పుచ్చుపళ్ల బాధ చాల ఎక్కువగ ఉండెడిది. 1938లో ఆ దేశపు పార్లమెంటు ప్రజలందరికిని దంతవైద్యము అందించు ప్రభుత్వ సేవను నెలకొల్పుటకు నిర్ణయించినది. కాని పుచ్చిన పళ్లన్నింటిని పూడ్చుటకు చాలినంతమంది వైద్యులు లేరు. జబ్బును రాకుండ ఆపుటయే మార్గము. దానికి ముందు అది ఎందువలన వచ్చునో నిశ్చయముగ తెలియవలెను. తీపి కారణమని కొందరు, విటమినుల లోపము కారణమని మరికొందరు వాదించుచుండిరి.

ఈ వివాదమును తేల్చుటకు లుండ్ పట్టణములోని విపెహోల్మ్ అను సంస్థను ఎన్నుకొనిరి. అది బడి కాదు. బుద్ధిమాంద్యము గలవారిని ఉంచి పోషించు సంస్థ. అందున్నవారిలో ముఖ్యముగ వయోజనులే ఈ పరీక్షకు లోనైరి. వారు ఏమి తినుచున్నదియు, ఎప్పుడు తినుచున్నదియు ఏండ్ల తరబడి లెక్క పెట్టుట అక్కడ సులభము. పరిశోధకులకు కావలసినది అదియే. 1945లో మొదట విటమినులు మొదలగువానిని పరీక్షించిరి. 1947 నుండి తీపి పరీక్షలు సాగినవి. ప్రభుత్వ ధనముతోపాటు మిఠాయి పరిశ్రమల ధనమును ఇందులో కలదు. ఫలితములను గుస్టఫ్‌సన్ మొదలగువారు 1954లో ప్రకటించిరి. అందులో 436 మందిని గురించిన వివరములు కలవు.

వీరిని వర్గములుగ విభజించిరి. ఒక వర్గమునకు భోజనముతోపాటు పానీయములో కలిపి చక్కెర నిచ్చిరి. ఒక దశలో ఇది రోజునకు 300 గ్రాముల వరకు పోయినది. వేరొక వర్గమునకు తీపి రొట్టె, ఇంకొకదానికి చాకలెట్టు, మరియొకదానికి కారమెల్ బిళ్లలు. ఒక వర్గమునకు రోజునకు 8 టాఫీలు, ఒకదానికి 24 టాఫీలు. ఈ టాఫీలు అంగడి సరుకు కాదు. పళ్లకు బాగుగ అంటుకొని నిలుచునట్లు ఈ పరీక్షకొరకే ప్రత్యేకముగ చేయించినవి.

ఫలితములు స్పష్టముగ వచ్చినవి. భోజనముతో త్రాగిన చక్కెర, పరిమాణములో అంత ఎక్కువైనను, పళ్లను స్వల్పముగనే చెరచినది. భోజనముల నడుమ తిన్న జిగురు టాఫీలు మిక్కిలి చెరచినవి. టాఫీలు ఆపినంతనే క్రొత్తగ పళ్లు పుచ్చుట తగ్గినది. మనిషికిని మనిషికిని నడుమ చాల భేదము కనిపించినది. తీపిని ఎంత తగ్గించినను కొందరికి క్రొత్త పుచ్చులు వచ్చుట మానలేదు.

ఇది విపెహోల్మ్ కథ. తమకు ఏమి జరుగుచున్నదో గ్రహించి ఒప్పుకొనుటకుగాని కాదనుటకుగాని శక్తిలేనివారి నోళ్లలో, పళ్లు పుచ్చునని అనుకొనియే టాఫీలు పెట్టిరి. మనిషిపై ప్రయోగము చేయుటకు అతని స్వచ్ఛందమైన అంగీకారము తప్పనిసరియని న్యూరెంబర్గు న్యాయస్థానము సూత్రము చెప్పినదియు 1947లోనే. అదే సంవత్సరమున లుండ్ పట్టణములో తీపి పరీక్ష మొదలైనది. వైద్యపరిశోధనలకు నీతి నియమములను నిర్ణయించిన హెల్సింకీ ప్రకటన 1964లో వచ్చినది. ఎలిన్ బొమ్మెనెల్ అను స్వీడన్ పరిశోధకురాలు ఈ పరీక్షల చరిత్రను 2006లో ఒక సిద్ధాంతగ్రంథముగ వ్రాసిరి.

అంత మూల్యమునకు లభించిన జ్ఞానమును వాడుకొనవచ్చునా, లేదా అను ప్రశ్న తరగతిలో చర్చింపదగినదే. నా మట్టుకు, జ్ఞానమును పారవేయుటవలన చెడిన పళ్లు తిరిగి రావు. కాని దానిని వాడుకొనువారికి రెండు బాధ్యతలు కలవు. ఆ టాఫీలు తిన్నది ఎవరో చెప్పుట మొదటిది. వారి నష్టమునుండి తేలినదానిని సరిగా చదువుట రెండవది. మన పాఠములు ఈ రెండును చేయుట లేదు.

గ్రుడ్డు పెంకు చెప్పని సంగతి

మొదట ఆ గాజుగ్లాసు సంగతి చూతము. వెనిగరులో గ్రుడ్డు పెంకు కరగుట నిజమే. ఆమ్లమునకు ఖటిక లవణములు కరగునని అది చూపును. కాని దానిని చూచిన పిల్లవాడు ఏమనుకొనును? పులుపు తినినచో పళ్లు పాడగునని అనుకొనును. తీపికిని ఆమ్లమునకును సంబంధమేమో ఆ గ్లాసులో ఎక్కడను కనిపించదు.

ఆ సంబంధమును చూపు ప్రయోగము మన ప్రతి వంటయింటిలోను రోజును జరుగుచున్నది. గోరువెచ్చని పాలలో కొంచెము మజ్జిగ వేసి తోడుపెట్టుదుము. తెల్లవారుసరికి పాలు పెరుగగును. పాలలోని చక్కెరను తోడులోని సూక్ష్మజీవులు తిని లాక్టికామ్లముగ మార్చును. పులుపు మనము కలిపినది కాదు, తీపినుండి పుట్టినది. నోటిలో జరుగునదియు ఇటువంటిదే. పళ్లమీది పాచి వట్టి మురికి కాదు, సూక్ష్మజీవుల కాపురము. మనము తిన్న చక్కెర ఆ పాచిలోనికి ఇంకును. అక్కడి సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగ మార్చును. ఆ ఆమ్లము పంటిమీది పింగాణి పొరనుండి ఖటికమును, భాస్వరమును కరగించి తీయును.

ఈ సిద్ధాంతమును బెర్లిన్‌లో పనిచేసిన మిల్లర్ అను అమెరికా దంతవైద్యుడు 1890లో తన గ్రంథమున వివరించెను. ఓర్లాండ్ మొదలగువారు 1954లో సూక్ష్మజీవులే లేని వాతావరణములో ఎలుకలను పెంచి, తీపి మేత పెట్టిరి. వాని పళ్లు పుచ్చలేదు. కనుక తీపి ఒక్కటే చాలదు, సూక్ష్మజీవులును కావలెను. ఆ రెండు చాలునా? చాలవు, వానికి సమయము కావలెను. ఈ మూడవ సంగతినే మన పాఠములు విడిచివేయుచున్నవి.

1940 దశాబ్దపు తొలి సంవత్సరములలో అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ పళ్లమీది పాచిలో పి.హెచ్. విలువను కొలిచెను. చక్కెర నీటితో నోరు పుక్కిలించిన కొద్ది నిమిషములలోనే అది వేగముగ పడిపోయినది. తరువాత మెల్లమెల్లగ పైకి వచ్చినది. మరల మొదటి స్థితికి వచ్చుటకు సుమారు అరగంటనుండి గంటవరకు పట్టినది. పి.హెచ్. సుమారు 5.5 కంటె తగ్గినపుడు పింగాణి కరగుట మొదలిడును. లాలాజలము ఆమ్లమును పలుచన చేసి, దాని పులుపును విరిచి, కొంత ఖటికమును తిరిగి పంటికి చేర్చును. అనగా పంటిమీద రోజంతయు రాకపోకలు జరుగుచునే ఉండును. పోవునది రానున్నదానికంటె ఎక్కువైనపుడే పన్ను పుచ్చును.

ఒక చిన్న లెక్క వేయుదము. తీపి తిన్న ప్రతిసారి అరగంట పులుపు అనుకొందము. ఒక పిల్లవాడు నాలుగు బిళ్లలను ఒక్కసారి తిన్నచో పళ్లు ఇంచుమించు అరగంట ఆమ్లములో నానును. అవే నాలుగింటిని గంటకొకటిగ తిన్నచో రెండు గంటలు నానును. తిన్న చక్కెర ఒక్కటే. పళ్లకు తగిలిన దెబ్బ నాలుగు రెట్లు. విపెహోల్మ్‌లో భోజనముతో త్రాగిన చక్కెరకును, నడుమ నడుమ చప్పరించిన టాఫీకిని కనిపించిన భేదమునకు ముఖ్యకారణము ఇదియే. పానీయము దిగిపోవును, భోజనముతోపాటు లాలాజలము ఊరును. టాఫీ అంటుకొని నిలుచును.

"ఎన్నిసార్లు" అను మాట చాటున

ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని ఇక్కడ ఇంకొక తప్పు పొంచియున్నది. ఈ లెక్కను పట్టుకొని కొందరు, "ఎంత తిన్నను ఫరవా లేదు, ఎన్నిసార్లు తినుచున్నామన్నదే ముఖ్యము" అని తేల్చివేయుదురు. స్వీడన్‌లో ఈ పరీక్షల తరువాత, మిఠాయిని వారమున కొక్కనాడు, శనివారము మాత్రమే తినుమను బోధ వ్యాపించినది. పళ్లకు సంబంధించినంతవరకు అది మేలైన బోధయే. కాని మిఠాయి అమ్ముకొనువారికిని ఇందులో ఇబ్బంది లేదు. శనివారమునాడు ఎంత తినవలెనో ఆ బోధలో లేదు కదా.

విపెహోల్మ్ పరీక్ష ఈ తీర్మానమునకు నిజముగ ఆధారమగునా? 8 టాఫీల వర్గమును, 24 టాఫీల వర్గమును పోల్చి చూడుడు. సార్లు పెరిగినపుడు చక్కెరయు పెరిగినది. రెండును కలిసి పెరిగినపుడు ఏది ఎంత చేసినదో విడదీయుట సాధ్యము కాదు. మన పదవ తరగతి విద్యార్థి కూడ ఒక ప్రయోగములో రెండు అంశములను ఒక్కసారి మార్చరాదని ఎరుగును. అదిగాక వర్గములను లాటరీ వలె విడదీయలేదు, వార్డులనుబట్టి విభజించిరి. ఒక వార్డునకును, వేరొక వార్డునకును వయస్సులోను, స్థితిలోను భేదములు ఉండవచ్చును. అచ్చటివారికి దంతధావనము సరిగా జరుగలేదు. ఫ్లోరైడు పేస్టు అప్పటికి వాడుకలో లేదు. కనుక ఆ అంకెలను నేటి పిల్లవానికి ఉన్నవి ఉన్నట్లు అన్వయింపరాదు.

ఇటీవలి పరిశీలనలు పరిమాణమును మరల ముందునకు తెచ్చినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా మొయినిహాన్, కెల్లీ అనువారు ఈ విషయమునకు సంబంధించిన పరిశోధనలను సమీక్షించి, 2014లో ప్రకటించిరి. తినెడు చక్కెర పెరిగినకొలది పుచ్చుపళ్లును పెరుగుచున్నవని అందులో తేలినది. 2015లో ఆ సంస్థ, ఆహారమునుండి వచ్చు మొత్తము శక్తిలో విడి చక్కెరల వంతు 10 శాతమునకు మించరాదనియు, 5 శాతమునకు తగ్గినచో మరింత మేలనియు సూచించినది. విడి చక్కెరలనగా వండునపుడును, తయారుచేయునపుడును కలిపిన చక్కెరలు, తేనె, పండ్లరసములలోని చక్కెర. పండును పండుగ తిన్నపుడు అందులోని తీపి, పాలలోని తీపి ఈ లెక్కకు రావు.

ఉదాహరణకు రోజునకు 1600 కెలోరీల ఆహారము తిను బాలుని తీసికొందము. 10 శాతమనగా 160 కెలోరీలు. ఒక గ్రాము చక్కెర 4 కెలోరీల నిచ్చును. కనుక 40 గ్రాములు హద్దు. 5 శాతమైనచో 20 గ్రాములే. ఉదయము పాలలో రెండు చెంచాలు, సాయంకాలము టీలో రెండు చెంచాలు వేసినచో ఆ 20 గ్రాములు ఇంచుమించు అక్కడనే తీరిపోవును. బిస్కెట్టు, శీతల పానీయము ఆపైన వచ్చునవి.

అమెరికాలో 1971లో ప్రభుత్వము దంతక్షయమును రూపుమాపుటకు జాతీయ కార్యక్రమము నొకదానిని ఆరంభించినది. చక్కెర పరిశ్రమకు చెందిన పాత కాగితములను పరిశోధకులు పరిశీలించి 2015లో ప్రకటించిన దానినిబట్టి, చక్కెరను తగ్గింపుడను మాటకు బదులు పాచిని కరగించు ఎంజైములు, టీకాలు మొదలగు ఇతర మార్గములవైపు ఆ కార్యక్రమమును త్రిప్పుటకు పరిశ్రమ ముందునుండియే యత్నించినది. కనుక "ఎన్నిసార్లు" అను మాట నిజమే యైనను, "ఎంత" అను మాటను దాని చాటున దాచరాదు. రెండును కలిపి చెప్పవలెను. సార్లు తగ్గించినవారికి పరిమాణమును సామాన్యముగ తగ్గును; అందుచేత రెంటిని కలిపి బోధించుట కష్టము కాదు.

పిల్లలమీద ఆధారపడిన ఉదాహరణ లేదా?

కలదు. తరగతిలో విపెహోల్మ్ ప్రక్కన దానిని కూడ చెప్పుట న్యాయము. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున బౌరల్ అను ఊరిలో హోప్‌వుడ్ హౌస్ అను బాలల వసతిగృహ ముండెడిది. అక్కడి పిల్లలు చాలవరకు పసితనమునుండియే అందు పెరిగిరి. వారి ఆహారము పాలు, కూరగాయలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యము. తెల్ల పిండి, చక్కెర దాదాపు లేవు. 1940, 1950 దశాబ్దములలో ఏటేట వారి పళ్లను పరీక్షించిరి. సామాన్యపు బడిపిల్లలతో పోల్చినపుడు వీరికి పుచ్చుపళ్లు చాల తక్కువ. వారు పళ్లు తోముకొనుట అంత శుభ్రముగ లేకపోయినను, నీటిలో ఫ్లోరైడు చాలినంత లేకపోయినను ఈ ఫలితము వచ్చినది. వారెవరికిని హాని తలపెట్టినవారు లేరు.

ఈ కథకు రెండవ భాగము మరింత ముఖ్యము. సుమారు పండ్రెండేండ్ల వయస్సు దాటి, ఆ గృహమును విడిచి, బయటి ఆహారమునకు అలవాటుపడిన పిల్లల పళ్లు ఇతరుల పళ్ల వలెనే పుచ్చనారంభించినవి. చిన్ననాటి మంచి ఆహారము జీవితమంతటికి కవచము కాలేదు. అలవాటు ఉన్నంతకాలమే రక్షణ. "చిన్నప్పుడు గట్టి పళ్లు వచ్చినవి, ఇక భయము లేదు" అను పెద్దల మాటకు ఇది జవాబు.

మన యింటి పాఠము

ఇప్పుడు మన పాఠమును మన ఇండ్లకు తెత్తము. "చాకలెట్టు తినరాదు" అని చెప్పిన పాఠము మన పిల్లవాని రోజును సగమే చూచినది. వాని జేబులో నిమ్మతొనలు, జీళ్లు ఉండును. బడి గేటు వద్ద పుల్ల ఐసు ఉండును. ఇంట బిస్కెట్టు, రస్కు ఉండును. బిస్కెట్టు తీపిగ తోచకపోయినను, దాని పిండి పళ్ల సందులలో ఇరుకుకొని, చక్కెరను పట్టి నిలుపును. పండుగనాడు భోజనములో రెండు బూరెలు తిన్న పిల్లవానికంటె, సాయంకాలమంతయు ఒక్కొక్క బిళ్ల చప్పరించువాని పళ్లకే అపాయ మెక్కువ. పండుగ పిండివంటను దోషిగ నిలబెట్టి, రోజువారి బిళ్లను విడిచిపెట్టుట మన పాఠపు పొరపాటు.

బెల్లమును గురించి ఒక మాట. పంచదార చెడ్డది, బెల్లము మంచిది అని చాలమంది ఉపాధ్యాయులే చెప్పుదురు. బెల్లములో కొన్ని ఖనిజములు ఉన్న మాట నిజమే. కాని అందులో అధికభాగము పంచదారలోని చక్కెరయే. పాచిలోని సూక్ష్మజీవులు ఆ రెండింటికిని భేదము పాటింపవు. తేనె సంగతియు అంతే. పసిపిల్లల పాలపీకకు తేనె రాయుట, తీపి పాలసీసా నోట నుంచి నిద్రపుచ్చుట మరీ అపాయకరము. నిద్రలో లాలాజలము ఊరుట తగ్గును. తీపి రాత్రియంతయు పళ్లను అంటి ఉండును. ఇట్టి పిల్లలకు పై వరుసలోని ముందు పళ్లు మొదట చెడును. పడుకొనుటకు ముందు నోరు శుభ్రపరచి, తరువాత మంచినీరు తప్ప మరేమియు ఇయ్యకుండుట మేలు.

2020లో ఆంధ్రప్రదేశ్‌లో బడి మధ్యాహ్న భోజనమునకు వేరుసెనగ చిక్కీ చేర్చిరి. పళ్లకు అంటుకొను బెల్లపు పాకము గనుక దీనిని తీసివేయవలెనందుమా? అనరాదు. అందులోని వేరుసెనగలు పిల్లలకు మాంసకృత్తుల నిచ్చును. ఆకలితో ఉన్న బిడ్డకు అది పెద్ద సంగతి. పై లెక్క నేర్చిన ఉపాధ్యాయుడు నిషేధము చెప్పడు, వేళ చెప్పును. చిక్కీని భోజనముతోపాటే తిని, నీళ్లతో బాగుగ పుక్కిలింపుడనును. జేబులో వేసికొని మూడవ పీరియడు వరకు కొరుకుచుండవలదనును. అర్థముతో చదివిన విజ్ఞానమునకును, బట్టీపట్టిన నిషేధమునకును భేదమిదియే.

ఇక ఏమి తినవచ్చును? భోజనముల నడుమ ఆకలి వేసినపుడు జామపండు, ఉడికించిన సెనగలు, వేరుసెనగలు, దోసకాయ ముక్కలు, తీపి కలుపని మజ్జిగ. దాహమునకు మంచినీరు. వీనిలో ఏదియు అంగడినుండి ప్రత్యేకముగ కొని తేవలసినది కాదు. తీపి తినదలచినచో భోజనముతో తినవలెను. ఫ్లోరైడు గల పేస్టుతో రోజునకు రెండుసార్లు, అందులో ఒకసారి పడుకొనుటకు ముందు, పళ్లు తోముకొనవలెను. మంచి ఆహారము తోముటకు బదులు కాదు; తోముట మంచి ఆహారమునకు బదులు కాదు.

తల్లిదండ్రులకు చెప్పవలసినది మరొకటి కలదు. సుమారు ఆరవ ఏట పాలపళ్లు ఏవియు ఊడకుండనే, వాని వెనుక తొలి శాశ్వత దవడపళ్లు మొలచును. ఊడి మరల వచ్చు పాలపళ్లే యని వానిని చాలమంది అశ్రద్ధ చేయుదురు. అవి ఊడినచో మరల రావు. వాని నమలు తలము గాడులతో నిండి యుండును. బిస్కెట్టు పిండి చేరుటకు అనువైన చోటు అదియే. ఒకటవ తరగతి పిల్లవాడు చప్పరించు బిళ్ల వాని జీవితకాలపు పంటిమీదనే పనిచేయుచున్నదని చెప్పినచో తల్లులు వినెదరు.

నిందింపకుండ బోధించుట

విపెహోల్మ్ ఫలితములలో మన పాఠములు ఎన్నడును ఎత్తనిది మనిషికిని మనిషికిని గల భేదము. ఒకే తీపి తిన్నవారిలో కొందరి పళ్లు త్వరగ చెడినవి, కొందరివి చెడలేదు. లాలాజలపు గుణము, పళ్ల అమరిక, పాచిలోని సూక్ష్మజీవులు, ఫ్లోరైడు, ఇంటి స్థితి - ఇన్ని ఇందులో కలియును. కనుక పుచ్చుపన్ను గల పిల్లవానిని చూచి "తీపి దొంగ" అని తరగతిలో నవ్వుట శాస్త్రమును కాదు, మర్యాదయు కాదు.

తెలుగు నాట దీనికి మరొక కారణము కలదు. నెల్లూరు జిల్లా ప్రాంతములో ఫ్లోరోసిస్ వ్యాధి ఉన్నదని షార్ట్ మొదలగువారు 1937లోనే ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతపు బాధ మనకందరకు తెలిసినదే. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరినచో, పన్ను చిగురులోపల తయారగుచున్న కాలముననే పింగాణి చెడి, గోధుమరంగు మచ్చలు పడును. అది పుచ్చు కాదు, పాచి కాదు, పిల్లవాని అశ్రద్ధయు కాదు. అట్టి పళ్లను చూచి "తోముకొనలేదా?" అని గద్దించిన ఉపాధ్యాయుడు తాగిన నీటి తప్పును పిల్లవానికి అంటగట్టుచున్నాడు.

చివరకు తరగతి పనిని గురించి. నోరు తెరిపించి పుచ్చులు లెక్కించుట మానుదము. అది దంతవైద్యుని పని, అదియు తల్లిదండ్రుల అనుమతితో. దానికి బదులు, ఇష్టపడిన విద్యార్థులను ఒక దినమున తాము నోట వేసికొన్న ప్రతి తీపి వస్తువునకు ఎదురుగ గడియారపు వేళను వ్రాయుమనుడు. పేరు వ్రాయనక్కరలేదు. ప్రతిసారికి అరగంట చొప్పున కూడి, నల్లబల్లమీద తరగతి మొత్తమును వేయుడు. తమ పళ్లు రోజున ఎన్నిగంటలు పులుపులో నానుచున్నవో పిల్లలే కనుగొందురు. ఆ తరువాత "తీపి మానుము" అని వారికి చెప్పనవసరము చాలవరకు ఉండదు. ఈ పరీక్షలో ఎవరి పన్నును పుచ్చనక్కరలేదు.

ఆ తొమ్మిదవ తరగతి బాలిక అట్టను ఇప్పుడు మరల వ్రాయవలసివచ్చినచో నేనిట్లు వ్రాయింతును: "విపెహోల్మ్ - టాఫీలు తిన్నవారు పిల్లలు కారు, కాదనుటకు శక్తిలేని పెద్దలు. తీపి ఎంత అన్నదియు, ఎన్నిసార్లు అన్నదియు, ఎంతసేపు పంటిని అంటి ఉన్నది అన్నదియు ముఖ్యమే." వెనిగరు గ్లాసు ప్రక్కన ఒక పెరుగు గిన్నెయు ఉంచుమందును. అప్పుడు ఆ బల్లకు నేను వేసిన మార్కులు న్యాయమైనవి కాగలవు.